తేదీ లేనివాడు

మా సంఘంలో ఎవర్నైనా పట్టుకుని మీ పెళ్ళెప్పుడయ్యిందని అడగండి, కాస్త తడుముకుంటారు. పిల్లాడి పుట్టినరోజు అడిగితే పెళ్ళాం మొహం చూస్తారు. అదే రక్షణ పొందిన రోజు, అంటే మనసు దేవుడివైపు తిరిగిన రోజు అడగండి, తేదీ, వారం, పూటతో సహా టక్కున చెప్పేస్తారు. మా దగ్గర అలవాటు అలాంటిది. బాప్తిస్మం కావాలని ఎవరొచ్చినా సరే, ముగ్గురు పెద్దలు మా ప్రార్థన హాలు వెనక గదిలో కూర్చోబెట్టి అడిగే మొదటి మాట అదే. "ఏ రోజున మారుమనస్సు పొందావు?" జవాబుంటే నీళ్ళలోకి దింపుతారు. నీళ్ళలోకి దిగినవాళ్ళకే ఆదివారం రొట్టె, ద్రాక్షరసం. మిగతావాళ్ళు వెనక బల్ల మీద కూర్చుని, పళ్ళెం తమని దాటి వెళ్ళిపోతుంటే పాటల పుస్తకంలో తల దూర్చుకోవాల్సిందే.

ఆ ముగ్గురు పెద్దల్లో మా ఆయన ఒకరు. వారమంతా టైలరు, ఆదివారం బోధకుడు. మా ఇంటి ముందు గదే షాపు. రెండు మెషిన్లు, ఓ కోత బల్ల, గోడకి నిలువుటద్దం. ఆయన కుట్టిన కోటు వేసుకుంటే గూనివాడు కూడా నిటారుగా కనిపిస్తాడని పేరు.

దేవుని ఏర్పాటు గురించి మాత్రం ఆయన నోట వినాలి. మనం పుట్టకముందే, అసలు లోకమే పుట్టకముందే, దేవుడు తనవాళ్ళని ఎంచుకున్నాడంటారు. మనలో ఏదో మంచి చూసి కాదు, ఆయనకి దయ కలిగింది, అంతే అంటారు. తానులో ఏ ముక్క కాలరవుతుందో, ఏది జేబు లోపలి గుడ్డవుతుందో గుడ్డకేం తెలుసు, కత్తెర పట్టినవాడికి తెలుసు గానీ అంటారు. ముందు వరసలో ముసలమ్మలు ఆమేన్ అంటారు. వాళ్ళతోపాటు నేనూ అనేదాన్ని.

ఆయన సాక్ష్యం, అంటే తాను మారిన కథ, ఇంకా బావుంటుంది. కుర్రతనంలో ఓ సాయంత్రం జోరువానలో గొడుగు విరిగిపోయిందట. తల దాచుకుందామని ఓ మీటింగు హాలు వసారాలోకి దూరారట. లోపల ఎవరో చెప్తున్న వాక్యం చెవిన పడిందట. ఆ విరిగిన గొడుగు అక్కడే పారేసి, కారే బట్టలతో లోపలికెళ్ళి మోకాళ్ళ మీద పడ్డారట. జులై తొమ్మిది, శుక్రవారం. మా నాన్నకి ఈ సంబంధం నచ్చింది ఆ గొడుగు వల్లే. నేనైతే ఆ కథ ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను, విన్న ప్రతిసారీ కళ్ళు చెమర్చేవి.

ఇక మా తమ్ముడి సంగతి. వాణ్ణి అందరూ కోతలోడనేవాళ్ళు. ఉత్తినే వచ్చిందా ఆ పేరు? లారీ మీద క్లీనరుగా తిరిగి, ఓడలో వంటవాణ్ణని చెప్పుకున్నాడు. తాగి కాలవలో పడి ముందుపళ్ళు రాలగొట్టుకుని, దొంగని పట్టుకోబోతే తగిలిందన్నాడు. అమ్మ పోయినప్పుడు రాకపోవడానికి ఏ కారణం చెప్పాడో ఇప్పుడు తలుచుకున్నా నా ఒళ్ళు మండుతుంది, అది వదిలేద్దాం. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు కదా, ఆ విద్యలో మాత్రం వాణ్ణి మించినవాడు లేడు.

అలాంటివాడు ఓ రోజు పొట్ట ఉబ్బి, కాళ్ళు పుల్లల్లా అయిపోయి, మా షాపు గుమ్మంలో నిలబడ్డాడు. "నీ చేతి వంట తినాలని గాలి మళ్ళిందక్కా" అన్నాడు. అదీ అబద్ధమే. తినడానికి గతి లేక వచ్చాడు. తాగి తాగి కాలేయం చెడిపోయిందని డాక్టరు తర్వాత చెప్పాడు. మందులు వాడితే ఉన్నన్నాళ్ళు ఉంటాడన్నాడు, ఎన్నాళ్ళో చెప్పలేదు.

మా ఆయన పొమ్మనలేదు. "బావమరిది బతక కోరతాడంటారు, వీడు నా షాపుని బతకనిస్తే చాలు" అని నవ్వి, గుండీలు కుట్టడం, ఇస్త్రీ చెయ్యడం వాడికప్పగించారు. ఆదివారం మాతో హాలుకి రమ్మంటే ఎగురుకుంటూ వచ్చాడు. నేను తెగ మురిసిపోయాను. "భక్తి కాదక్కా, వెనక బల్ల మీద ఫ్యాను బాగా తిరుగుతుంది" అన్నాడు. వచ్చి హాయిగా నిద్రపోయేవాడు. ఓసారి వాడి గురకకి పాటే ఆగిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

వాడు ఎప్పుడు మారాడో నాకు తెలీదు. అదే కదా గొడవంతా!

నాకు తెలిసింది మాత్రం కోటు విషయం. ఓ బ్యాంకు మేనేజరు కోటు ఇస్త్రీ చేస్తూ వాడు దాని చెయ్యి కాల్చేశాడు. గోధుమరంగు మచ్చ, ఇస్త్రీపెట్టె అడుగంత. మా ఆయన అప్పటికింకా చూడలేదు. మేనేజరు గుమ్మంలోకి రానే వచ్చాడు. ఇదివరకటి మా తమ్ముడైతే తప్పు కరెంటు మీదకో, గుడ్డ మీదకో, మాటకారితనం ముదిరితే ఆ మేనేజరు మీదకే నెట్టేసేవాడు. ఏం అల్లుతాడా అని నేను గుడ్లప్పగించి చూస్తున్నాను. వాడు కోటు రెండు చేతులా పట్టుకుని ఎదురెళ్ళి, "నేనే కాల్చాను సార్. ధ్యాస ఎటో పోయింది" అన్నాడు. ఆ మనిషి వీధి వీధంతా వినేలా కేకలేశాడు. మా ఆయన మర్నాడంతా కూర్చుని కొత్త చెయ్యి వేసిచ్చారు.

"ఏరా, నీకేమైంది?" అని ఆ సాయంత్రం అడిగాను.

"ఏమోనక్కా. అబద్ధం నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు. ఈమధ్య అలాగే అవుతోంది."

"మరి తాగుడు? అది మానేసి కూడా చాన్నాళ్ళయినట్టుందే?"

"మానలేదే. మర్చిపోయాను." వాడే ఆశ్చర్యపోయినట్టు నా మొహంలోకి చూశాడు.

హాల్లో నిద్రపోవడం కూడా మానేశాడు. ముందుకి వంగి వినేవాడు. పళ్ళెం వస్తున్నప్పుడు రెండు చేతులూ తొడల కింద పెట్టుకునేవాడు, ఎక్కడ చాచేస్తానో అని భయపడే చిన్నపిల్లాడిలాగా. ఓ ఆదివారం ఇంటికొస్తూ దారిలో ఆగి, ఆయాసం తీర్చుకుంటూ, "బాప్తిస్మం తీసుకోవాలనుందక్కా. పోయేలోపు ఒక్కసారి మీ అందరితోపాటు ఆ రొట్టె ముక్క తినాలి. ఆకలేసి కాదు. నేనూ మీవాణ్ణే అని" అన్నాడు. నాకు దుఃఖం ఆగలేదు. నడివీధిలో వాణ్ణి పట్టుకుని ఏడ్చాను.

పెద్దలు పిలిచారు. గదిలో మా ఆయన, లెక్కల మాస్టారు, మందుల షాపాయన. వాళ్ళకి టీ ఇచ్చే పని నాది కాబట్టి గుమ్మం దగ్గరే నిలబడ్డాను.

"ఏ రోజున మారుమనస్సు పొందావు బాబూ?" అన్నారు మాస్టారు.

"తెలీదండీ."

"పోనీ, ఏ నెల?"

"అదీ తెలీదండీ."

"ఎండాకాలమో వానాకాలమో, అదైనా చెప్పవయ్యా!" అన్నాడు మందుల షాపాయన నవ్వాపుకుంటూ.

మా తమ్ముడు నవ్వలేదు. "నేను దేవుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరి ఉంటే ఆ రోజు గుర్తుండేదేమోనండీ. నేనెక్కడికీ బయల్దేరలేదు. ఫ్యాను కోసం వచ్చాను. ఒకనాడు చూసుకుంటే అప్పటికే ఆయనవాణ్ణయిపోయి ఉన్నాను. ఎప్పుడయ్యానో నాకు చెప్పలేదు."

"అలా ఊరికే అయిపోదోయ్," అన్నారు మా ఆయన. "చీకట్లోంచి వెలుగులోకి అడుగుపెట్టిన గడియ ఒకటుండాలి. అది తెలియనివాడు ఇంకా గడప అవతలే ఉన్నాడని మేమనుకుంటాం."

"లోకం పుట్టకముందే ఎంచుకున్నాడని మీరే కదా బావా చెప్పేది? ఆ తేదీ ఆయన దగ్గరుంటుంది. నా దగ్గర లేకపోతే ఏం పోయింది?"

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టారు. నాకైతే చప్పట్లు కొట్టాలనిపించింది. మా ఆయన మొహం మాత్రం ఎర్రబడిపోయింది. "వేళాకోళాలు బయట. ప్రార్థన చేసుకో, వచ్చే విడతకి మాట్లాడదాం" అని లేచారు. హాలు వెనక బాప్తిస్మం తొట్టి నింపేది ఏడాదికి రెండుసార్లే. వచ్చే విడత అంటే వాడి ఒంట్లో ఉన్న జబ్బుకి ఎంత దూరమో ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు.

ఇంటికొచ్చి ముందు తమ్ముడికే తలంటాను. "ఒరేయ్, ఏదో ఒక తేదీ చెప్పి చావలేకపోయావా? మొన్న బుధవారం అను, పోయిన క్రిస్మస్ అను. పుట్టినప్పట్నుంచీ ఊరందరికీ అబద్ధాలు అమ్మినవాడివి, నీకు ఒక్క తేదీ దొరకలేదా? ఇప్పుడే సత్యసంధుడివైపోవాలా?"

"అందరి మీదా చెప్పానక్కా. దేవుడి మీద కూడా చెప్పమంటావా?" గుండీలో దారం తెంపి, సూది జాగ్రత్తగా గుచ్చి పెట్టాడు. "ఫలానా రోజు నేను వెళ్ళి ఆయన్ని పట్టుకున్నానంటే, పట్టుకున్నవాణ్ణి నేనైపోతాను. అలా జరగలేదే."

తర్వాత మా ఆయన వంతు. "మీరు చెప్పేదొకటి, అడిగేదొకటి. పల్పిట్ మీద అంతా దేవుడి దయ. గదిలోకొచ్చేసరికి మనిషి తేదీ!"

"బంధువని కరిగిపోయి నీళ్ళలో దింపితే, రేపు దేవుడి ముందు నిలబడాల్సింది నేనే," అన్నారాయన. "వాడి మీద నాకు పగేముందే?"

పగ లేదు, అది నిజం. అబద్ధం చెప్పను. వాడు కక్కుకుంటే గిన్నె పట్టింది ఆయనే. స్నానాలగదికి ఎత్తుకెళ్ళింది ఆయనే. పొట్ట పెరిగేకొద్దీ చొక్కాలు వదులు చేసి, మెత్తటి గుడ్డ వేసి మళ్ళీ కుట్టిచ్చారు. వాడు అడిగిన ఒక్కటీ తప్ప అన్నీ చేశారు.

చలి ముదిరాక వాడు మంచం పట్టాడు. ఆస్పత్రిలో చేర్చాం. పొడుగాటి వార్డు, కిటికీ పక్క మంచం. ఓ మధ్యాహ్నం మేమిద్దరం కూర్చుని ఉంటే కళ్ళు తెరిచాడు. తెల్లగుడ్డు పసుపుపచ్చగా ఉంది. నీళ్ళు తాగించాను.

"బావా," అన్నాడు. "మీకు ఆ రోజు ఎలా జరిగిందో ఓసారి చెప్పరూ? వినాలనుంది. నాకలాంటిది లేదు కదా, మీదైనా విందామని."

మా ఆయన దుప్పటి సర్దారు. సర్దిన దుప్పటినే మళ్ళీ సర్దారు. నర్సుకేసి చూశారు. ఆమె ఇటు రావట్లేదు. ఇక మొదలెట్టారు. వాన, హాలు, వసారా, తడిబట్టలు. అన్నేళ్ళుగా విన్న నాకు ఆ రోజు కథ అతుకులు పడినట్టు వినిపించింది. గొడుగు విరగడం మర్చిపోయారు. గొంతు కూడా ఆయనది కానట్టుంది. తమ్ముడి కోసం దిగులు అనుకున్నాను.

వాడు మాత్రం కళ్ళల్లో నీళ్ళు నింపుకుని విన్నాడు. "ఎంత అదృష్టవంతులు బావా! ఫలానా రోజని చెప్పుకోవడానికి ఉంది." కాసేపు ఊపిరి తీసుకుని, "నాకు లేదు. లేకపోయినా పర్లేదంటారా?" అని అడిగాడు.

పర్లేదు అనే మూడక్షరాల మాట. నా నాలిక చివరే ఉంది. మా ఆయన ఏమంటారోనని ఆయన మొహంలోకి చూశాను, సంఘ పెద్ద ఆయన కదా.

"చూద్దాంలే. ముందు నువ్వు కోలుకో," అన్నారు మా ఆయన.

వాడు సరేనన్నట్టు తలాడించి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం, వార్డులో భోజనాల బండి తిరుగుతుండగా, పోయాడు.

సమాధి దగ్గర వాక్యం చెప్పింది మా ఆయనే. బాప్తిస్మం పొందినవాళ్ళయితే 'ప్రభువునందు నిద్రించిన మన సహోదరుడు' అంటారు. ఆయన 'మా బావమరిది' అన్నారు. గుప్పెడు మట్టి వేసి ఇంటికొచ్చి, ఆ రోజు వంట చెయ్యలేదు. చెయ్యమని ఆయనా అడగలేదు.

ఆ తర్వాత మా ఆయన మనిషి మనిషిలా లేరు. మెషిను ముందు కూర్చుని సూదిలో దారం ఎక్కించడం మర్చిపోయి తొక్కేవారు. ఒకరి కొలతలు ఇంకొకరికి కోశారు. ఆదివారం బోధ వంతు వస్తే ఒంట్లో బాలేదని మాస్టారికి అప్పగించారు. నేను మాట్లాడించలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడు, కాలనీ అనుకున్నాను. ఆ చేతుల్లో ఇంకేం కాలుతోందో నాకు తెలీదు కదా.

తొట్టి నింపే విడత మళ్ళీ వచ్చింది. ఈసారి బాప్తిస్మం అడిగింది స్కూలు బస్సు తోలే ఆమె. కొత్తగా మా వైపు ఇల్లు మారి వచ్చింది. మా సంగతులు ఆమెకేం తెలీవు. పాపం, యూనిఫారంలోనే వచ్చేసింది. కుర్చీ అంచున కూర్చుంది. ఎప్పట్లాగే నేను టీ తెచ్చాను.

"ఏ రోజున మారుమనస్సు పొందావమ్మా?" అన్నారు మాస్టారు.

ఆమె నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచింది. "రోజంటే... అదీ... పోయిన..." లెక్కలు కడుతున్నట్టు కళ్ళు పైకి తిప్పింది. ఎక్కడో ఒక చోట తేదీ పెట్టేయడానికి సిద్ధపడుతోందని చూస్తేనే తెలుస్తోంది.

"చెప్పకమ్మా," అన్నారు మా ఆయన.

అందరం అటు తిరిగాం. ఆయన టీ గ్లాసు కింద పెట్టారు.

"మాస్టారూ, ఆ ప్రశ్న ఇక వద్దు. దానికి నా దగ్గర కూడా జవాబు లేదు."

"మీ దగ్గర లేకపోవడమేంటండీ?" అన్నాడు మందుల షాపాయన. "జులై తొమ్మిది, గొడుగు..."

"గొడుగు నాది కాదు. కుర్రప్పుడు నాతో గదిలో ఉండే స్నేహితుడిది. ఆ వాన కూడా వాడిదే. తేదీ ఒక్కటే నాది, అది నేను అల్లింది." ఆయన మాస్టారి వైపు తిరిగారు. "ఇదే గదిలో నన్నూ అడిగారు. నాకు దేవుడంటే ప్రాణం. ఎప్పట్నుంచి అంటే తెలీదు. తెలీదంటే వెనక బల్ల మీద కూర్చోబెడతారని సిగ్గుపడ్డాను. ఒకసారి చెప్పాక, మళ్ళీ మళ్ళీ చెప్పాల్సొచ్చింది. మొన్న ఆస్పత్రిలో... ఆస్పత్రిలో కూడా చెప్పాను."

ఎన్నేళ్ళ కాపురం! ఆ వానలో ఆయనతోపాటు నేనూ తడిశాను కదా. ఒళ్ళు మండిపోయింది. టీ పళ్ళెం ఎత్తి ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది. వేసేదాన్నేమో కూడా. కానీ ఆయన మొహం చూశాను. తనదంటూ పట్టుకోవడానికి ఏమీ మిగలని మనిషి మొహం అది. అన్నేళ్ళు దయ గురించి చెప్పిన మనిషికి, ఆ దయ తప్ప ఇంకో దిక్కు లేకుండా పోయింది.

మాస్టారు బస్సు తోలే ఆమె వైపు తిరిగి, "యేసుప్రభువు నీవాడని నమ్ముతున్నావా తల్లీ?" అని అడిగారు. "నేను ఆయనదాన్నండీ" అందామె, చప్పున. "చాలు. ఆదివారం రా" అన్నారు. అంతే. అంత తేలిక.

అప్పుడు మాస్టారు మా ఆయనతో, దాదాపు గొణుగుతున్నట్టు, "మరి మీ బావమరిదిని మనం ఎందుకాపాం అయ్యా?" అన్నారు.

"నాలాగా అబద్ధం చెప్పలేదు కాబట్టి," అన్నారు మా ఆయన. ఆ మాట నావైపు చూసి అన్నారు.

మాస్టారు తల వంచుకున్నారు. మందుల షాపాయన కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. బస్సు తోలే ఆమెకి మా ముఖాల్లో ఏముందో అర్థం కాలేదు. తనకి దొరికిన సంతోషంలో ఉంది, మంచి మనసుతో అందరికేసీ చూసింది.

"పోనీలెండి, మీ బావమరిదిగారిని కూడా ఆదివారం రమ్మనండి. ఇద్దరం కలిసి దిగుతాం," అంది.

మగవాళ్ళు ముగ్గురూ నావైపు చూశారు. నేనే చెప్పాల్సొచ్చింది.

"వాడు లేడమ్మా," అన్నాను.